ఒకే ఆదివారానికి నాలుగు సంవత్సరాలు: వేరావల్ శాసనం 1263దా, 1264దా?

రేవుదారి (చర్చ ప్రారంభం)

అందరికీ నమస్కారం. మా ఊరి గ్రంథాలయంలో నెలకొక గోడపత్రిక పెడతాం. ఈ నెల అంశం పాతకాలపు ఓడ వ్యాపారం. అందులో గుజరాత్ తీరంలోని వేరావల్ శాసనం గురించి ఒక పేరా రాశాను. పారశీక తీరపు రేవు హోర్ముజ్ నుంచి వచ్చిన ఓడ యజమాని నూరుద్దీన్ ఫీరూజ్ సోమనాథ పట్టణంలో మసీదు కట్టడానికి స్థలం కొన్న సంగతిని చెప్పే సంస్కృత శాసనం అది. అందులో కాలం ఇలా ఉంది (మొదటిది ముస్లింల హిజ్రీ సంవత్సరమే):

రసూల్ మహమ్మద్ సంవత్ 662
విక్రమ సంవత్ 1320
వలభీ సంవత్ 945
సింహ సంవత్ 151
ఆషాఢ వది 13, ఆదివారం

విక్రమ సంవత్ నుంచి 57 తీసేస్తే క్రీస్తు శకం వస్తుందని చదువుకున్నాను. అలా తీసేసి 1263 అని రాశాను. నిన్న సాయంత్రం పత్రిక ముందు నిలబడి చదివిన ఇంటర్ విద్యార్థిని ఒకరు నన్ను పిలిచి అడిగింది: "హిజ్రీ 662 మొదలైందే 1263 నవంబరు 4న అని నా దగ్గరున్న పట్టికలో ఉంది. ఆ తర్వాత వచ్చే ఆషాఢం 1264లో కదా వస్తుంది?"

నాకు సమాధానం తోచలేదు. తప్పు నాదా, శాసనం చెక్కినవాడిదా? రేపు ఆ అమ్మాయి మళ్లీ వస్తుంది. తెలిసినవారు దయచేసి చెప్పండి.

లెక్కల_మాస్టారు

ముందుగా ఆ అమ్మాయికి నా అభినందనలు చెప్పండి. సరైన చోట వేలు పెట్టింది. తప్పు శాసనానిది కాదు. పూర్తిగా మీదీ కాదు, మనందరికీ సగమే నేర్పిన సూత్రానిది.

విక్రమ సంవత్సరం దేశమంతటా ఒకే రోజున మొదలు కాదు. ఉత్తరాదిలో చైత్రంతో మొదలవుతుంది, దాన్ని చైత్రాది అంటారు. గుజరాత్‌లో దీపావళి వెళ్లిన మరునాడు, అంటే కార్తీక శుద్ధ పాడ్యమితో మొదలవుతుంది, అది కార్తీకాది. ఆ లెక్కన విక్రమ 1320 అనే ఏడు 1263 శరత్తులో మొదలై 1264 శరత్తు దాకా నడిచింది. కాబట్టి కార్తీకం నుంచి డిసెంబరు దాకా 57 తీసేయాలి, జనవరి నుంచి ఆశ్వయుజం దాకా 56 మాత్రమే తీసేయాలి. ఆషాఢం రెండో భాగంలో పడుతుంది. 1320 లోంచి 56 పోతే 1264. హిజ్రీ 662 కూడా 1263 నవంబరు 4 నుంచి 1264 అక్టోబరు 23 దాకా నడిచింది. రెండూ కలిశాయి.

మీరు 1263 తీసుకుంటే ఆషాఢానికి ఇంకా హిజ్రీ 661 నడుస్తూ ఉంటుంది. అంటే శాసనంలో మొదటి అంకె రెండో అంకెను సరిదిద్దుతోంది. నాలుగు శకాలు పక్కపక్కన రాయడంలో మనకు కలిగే మేలు ఇదే.

సూరత్_మగ్గం

మాస్టారు గారు చెప్పింది నేను ఏటా చూస్తున్నదే. మా నాన్నగారి తరంలోనే మగ్గం పనికోసం తెలంగాణ నుంచి సూరత్ వచ్చి స్థిరపడ్డాం. ఇక్కడ దుకాణాల్లో కొత్త ఖాతా పుస్తకాలకు దీపావళి రోజున పూజ చేస్తారు, చోపడా పూజ అంటారు. మరునాడు బెస్తు వరస్, కొత్త ఏడు. ఎర్ర అట్ట పుస్తకం మొదటి పేజీలో కొత్త విక్రమ సంవత్ అంకె వేస్తారు. మన ఇంట్లో ఉగాది, బజారులో బెస్తు వరస్. చిన్నప్పటి నుంచి నాకు ఏడాదికి రెండు కొత్త సంవత్సరాలు.

అయితే ఒక సందేహం. గుజరాత్‌లో నెలలు మన నెలల్లాగే అమావాస్యతో ముగుస్తాయి. వది అంటే మన బహుళ పక్షం. ఆషాఢ వది 13 అంటే ఆషాఢ పున్నమి వెళ్లాక పదమూడో రోజు. అది జూలై చివరికి రావాలి. కానీ ఈ శాసనం గురించి ఎక్కడ చూసినా 1264 మే 25 అనే ఉంది. మే నెలలో ఆషాఢం ఎలా వచ్చింది?

రేవుదారి

అయ్యో, ఇప్పుడే సంవత్సరం సరిచేసుకుని సంతోషించాను. ఇక నెల కూడా పోయిందా?

తొలిచుక్క

పోలేదండీ. సూరత్ మిత్రుల ప్రశ్న చాలా మంచిది. దీనికి కొంచెం విడమరిచి చెప్పాలి.

చాంద్రమాన నెలలకు రెండు పద్ధతులున్నాయి. అమావాస్యతో ముగిసేది అమాంతం, మనదీ నేటి గుజరాత్‌దీ అదే. పున్నమితో ముగిసేది పూర్ణిమాంతం, హిందీ ప్రాంతాలది. శుద్ధ పక్షానికి రెండింటిలోనూ ఒకే పేరు. పేచీ అంతా బహుళ పక్షంతోనే. మన కృష్ణాష్టమి శ్రావణ బహుళ అష్టమి నాడు. అదే రోజును వారణాసి పంచాంగం భాద్రపద కృష్ణ అష్టమి అంటుంది. పండుగ ఒక్కటే, రోజు ఒక్కటే, నెల పేరే మారింది.

ఇప్పుడు శాసనానికి వద్దాం. పూర్ణిమాంతంగా చదివితే ఆషాఢ వది 13 అంటే మన లెక్కలో జ్యేష్ఠ బహుళ త్రయోదశి. అది 1264 మే 25. ఏ వారమో లెక్కవేసి చూడండి, ఆదివారం. అమాంతంగా చదివితే ఏమవుతుందో కూడా చూశాను. పాత ఖగోళ గ్రంథం సూర్యసిద్ధాంతం ప్రకారం లెక్క వేస్తే ఆ ఏడు ఆషాఢం అధికమాసంగా వస్తుంది. అంటే అమాంత ఆషాఢ బహుళ త్రయోదశులు రెండు: ఒకటి జూన్ చివర, ఒకటి జూలై చివర. ఈ రెంటిలో ఏదీ ఆదివారం నాడు పడదు.

శాసనంలో తేదీతో పాటు చెక్కిన "రవౌ" అనే రెండక్షరాల మాట ఈ చిక్కును విప్పింది. ఆదివారం అని రాయకపోయి ఉంటే ఇవాళ మనం మూడు తేదీల మధ్య వాదించుకుంటూ ఉండేవాళ్లం. పాత శాసనాల తేదీలు తేల్చేటప్పుడు వారం కంటే నమ్మకమైన సాక్షి లేదు. శకం మారుతుంది, నెల పేరు మారుతుంది, ఏడు మొదలయ్యే రోజు మారుతుంది. ఏడు వారాల వరుస మాత్రం హోర్ముజ్‌లోనూ సోమనాథంలోనూ ఒక్కటే.

ఇంకో మాట. ఈ మే 25 అప్పటి యూరప్‌లో వాడిన జూలియన్ క్యాలెండర్ ప్రకారం. చరిత్రకారులు 1582కు ముందు తేదీలను అలాగే ఉంచుతారు. నేటి గ్రెగోరియన్ క్యాలెండర్‌ను వెనక్కి జరిపితే అది జూన్ 1 అవుతుంది. ఎక్కడైనా ఏడు రోజుల తేడా కనబడితే కంగారు పడకండి.

సూరత్_మగ్గం

అర్థమైంది. అంటే ఆ లేఖకుడు ఏడాదిని కార్తీకం నుంచి లెక్కపెట్టి, నెలను మాత్రం పున్నమితో ముగించాడు. నేటి గుజరాతీ పద్ధతిని ఏడు వందల ఏళ్లు వెనక్కి మోసుకెళ్లడం నా పొరపాటు. ధన్యవాదాలు.

శిలాక్షరం

ఈ శాసనం పాఠం నాకు ఎంతో ఇష్టం, అందుకే నేనూ రెండు మాటలు చెబుతాను. దీన్ని 19వ శతాబ్దం తొలి భాగంలో కర్నల్ జేమ్స్ టాడ్ వెలుగులోకి తెచ్చాడు. 1882లో జర్మన్ పండితుడు హుల్ట్‌ష్ పాఠాన్ని పరిష్కరించి ప్రచురించాడు. రాయి ఉన్నది వేరావల్‌లోని హర్షతమాత గుడిలో.

శాసనం విశ్వనాథుడికి నమస్కారంతో మొదలవుతుంది. "నమస్తే విశ్వనాథాయ, విశ్వరూప నమోస్తుతే, నమస్తే శూన్యరూపాయ" అని. మసీదు కోసం రాసిన పత్రానికి విశ్వనాథుడి స్తుతి. వెంటనే కాలగణన వస్తుంది. హిజ్రీని హిజ్రీ అనలేదు. "నౌజనానాం బోధక రసూల మహమ్మద సంవత్" అన్నాడు. ఓడల మీద బతికే జనానికి బోధకుడైన రసూల్ మహమ్మద్ సంవత్సరం అని. ఆ ఓడజనం విశ్వనాథుడితో అనుబంధం ఉన్నవారని కూడా ఆ పదబంధంలోనే కలిపాడు. ఎవరి లెక్కో, ఎవరికి సంబంధించినదో, ఆ జనం పేరుతోనే చెప్పాడు. నన్ను కట్టిపడేసేది ఆ "నౌజన" అనే మాట. చేతిలో ఉలి పట్టినవాడికి పక్కనే రేవు కనిపిస్తూ ఉండి ఉండాలి.

మిగతా మాటలు కూడా అలాంటివే. మసీదు "మిజిగితి" అయింది. ముస్లింల సంఘమైన జమాత్ "జమాథ" అయింది. నూరుద్దీన్ ఫీరూజ్ "నోరదీన పీరోజ" అయ్యాడు. మసీదు ఖర్చులకు ఒక నూనెగానుగ, రెండు దుకాణాలు రాసిచ్చారు. దీపాలకూ నూనెకూ నీళ్లకూ ఆ రాబడిలోంచే ఖర్చు పెట్టాలి, బరాత్ రాత్రి వంటి పండుగలు జరపాలి, మిగిలిన సొమ్మును మక్కా మదీనాలకు పంపాలి అని ఉంది. దీన్నంతా చూసుకోవలసిన జమాథలో ఓడ యజమానులు ఉన్నారు, గానుగ పనివాళ్లూ ఉన్నారు.

రాజు వాఘేలా వంశీయుడు అర్జునదేవుడు, రాజధాని అణహిలపాటకం, అంటే నేటి పాటణ్. హోర్ముజ్ రేవును ఏలే అమీర్ రుక్నుద్దీన్ పేరూ అదే శాసనంలో ఉంది. స్థలం అమ్మిన స్థానిక ప్రముఖుడు ఛాడ. ఊరి వ్యవహారాలు చూసే మండలి అయిన సోమనాథ పట్టణపు పంచకులం సమ్మతి ఉంది, అందులో పాశుపతాచార్యుడు వీరభద్రుడు ఉన్నాడు. ఇంతమంది కలిసి ఒప్పుకున్న పత్రం కాబట్టే దాని మీద ఇన్ని లెక్కలు ఉన్నాయని నా నమ్మకం.

రేవుదారి

శిలాక్షరం గారూ, నూనెగానుగ సంగతి నాకు తెలియదు. గోడపత్రికలో తప్పక చేరుస్తాను. సోమనాథం అనగానే అందరూ 1026 నాటి గజనీ దండయాత్ర దగ్గర ఆగిపోతారు. ఇది దానికి 238 ఏళ్ల తర్వాతి మాట. అక్కడే, అదే పట్టణంలో.

మరి వలభీ సంవత్ 945, సింహ సంవత్ 151 ఎక్కడివి? వలభీ రాజ్యం అప్పటికి ఎప్పుడో పోయింది కదా?

తొలిచుక్క

రాజ్యం 8వ శతాబ్దంలోనే పోయింది, లెక్క మాత్రం మిగిలింది. వలభీ మైత్రకులు మొదట గుప్తుల సామంతులు. గుప్తుల సంవత్సరాన్నే వాడుకున్నారు. గుప్తులు పోయాక సౌరాష్ట్రలో అది వలభీ సంవత్ పేరుతో బతికింది. మొదలు 319-20. 945కు 319 కలపండి, 1264.

ఇందులో నాకు ఎప్పటికీ ఆశ్చర్యం తగ్గని సంగతి ఒకటుంది. ఈ శాసనం కంటే రెండు వందల ఏళ్లకు పైగా ముందే అల్‌బిరూనీ ఈ లెక్కకు ఒక సూత్రం ఇచ్చాడు. శక సంవత్సరంలోంచి ఆరు ఘనాన్నీ అయిదు వర్గాన్నీ తీసేస్తే వలభీ సంవత్సరం వస్తుంది అన్నాడు. ఆరు ఘనం 216, అయిదు వర్గం 25, మొత్తం 241. మన శాసనం నాటికి శక సంవత్సరం 1186. అందులోంచి 241 తీసేయండి.

945.

కాగితం మీద మీరే వేసి చూడండి. ఖ్వారిజమ్ నుంచి వచ్చిన పండితుడు అరబీలో రాసిపెట్టిన సూత్రం, సోమనాథంలో సంస్కృతంలో చెక్కిన అంకె, రెండూ ఒక్క ఏడు కూడా తేడా లేకుండా కలిశాయి.

అల్‌బిరూనీ స్వయంగా ఒక ఏడాదిని కొలబద్దగా పెట్టుకుని ఇదే పని చేశాడు. పారశీకుల యజ్దగిర్ద్ శకంలో 400వ ఏడు, మన 1031. దానికి ఎదురుగా విక్రమ 1088, శక 953, వలభీ 712 అని రాసుకున్నాడు. అయితే గుప్త శకం గుప్తులు అంతరించిన ఏటి నుంచి మొదలైందని ఆయన విన్నది విన్నట్టు రాశాడు. అది సరికాదని 19వ శతాబ్దం చివర శాసన పండితుడు ఫ్లీట్ మందసోర్ శాసనం సాయంతో తేల్చాడు. అంకెలు సరైనవి, కథ తప్పు. గుప్త చక్రవర్తుల తేదీలు తేల్చడానికి అంత తంటాలు పడిన ఆ రోజుల్లో, వేరావల్ శాసనం చేతిలో ఉండటం ఎంత బలమో ఊహించండి. వలభీ సంవత్ అనే పేరును హిజ్రీ పక్కనే ఉంచిన శాసనం అది.

లెక్కల_మాస్టారు

సింహ సంవత్ గురించి నేను చెబుతాను. 1264లోంచి 151 పోతే 1113. సౌరాష్ట్ర తీరం దాటి బయట కనిపించని చిన్న శకం ఇది. ఎవరు మొదలుపెట్టారన్న దాని మీద పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. చాళుక్య జయసింహ సిద్ధరాజు సౌరాష్ట్రను గెలిచిన గుర్తు అని ఒక వాదం, స్థానిక గుహిల వంశీయులదని ఇంకో వాదం. నాకు రెండోదే కొంచెం దగ్గరగా అనిపిస్తుంది. అంత పెద్ద చక్రవర్తి పెట్టిన శకమైతే రాజధాని అణహిలపాటకంలో ఎందుకు కనిపించదు?

దీనితో ఒక చిన్న పరీక్ష పెడతాను. ఆ విద్యార్థినికి చూపించండి, ఇష్టపడుతుంది. అదే తీరంలోని మాంగ్రోల్ శాసనంలో విక్రమ 1202, సింహ 32 అని ఉంది. రెండింటి తేడా 1170. వేరావల్ శాసనంలో 1320, 151. తేడా 1169. ఒక ఏడు ఎక్కడికి పోయింది?

ఓరుగల్లు_తోరణం

ప్రయత్నిస్తాను మాస్టారు. మాంగ్రోల్ శాసనం లేఖకుడు చైత్రాది వాడి ఉండాలి. అవునా?

లెక్కల_మాస్టారు

అంతే. మాంగ్రోల్ తేదీ ఆశ్విన వది 13, సోమవారం. చైత్రాదిగా తీసుకుంటే 1145 అక్టోబరు 15, ఆ రోజు సోమవారమే. 1145లోంచి 32 పోతే మళ్లీ 1113. సింహ సంవత్ కదల్లేదు, విక్రమ సంవత్ మొదలయ్యే చోటు మారింది. ఒకే తీరంలో, 119 ఏళ్ల తేడాతో, ఇద్దరు లేఖకులు విక్రమ సంవత్‌ను రెండు విధాలుగా రాశారు. అందుకే 57 అనే అంకెను కళ్లు మూసుకుని తీసేయకూడదని అంటున్నాను.

ఓరుగల్లు_తోరణం

ఇదే చిక్కు మన ఇంట్లోనూ ఉంది. హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం చూడండి. రుద్రదేవుడిది. శక వర్షాలు 1084, చిత్రభాను సంవత్సరం, మాఘ శుద్ధ త్రయోదశి, వడ్డవారం. శకానికి 78 కలిపితే 1162 వస్తుంది. కానీ మాఘం జనవరిలో వచ్చింది కాబట్టి 79 కలపాలి, 1163. ఆ రోజు 1163 జనవరి 19.

"వడ్డవారం" అన్న మాట మొదటిసారి విన్నప్పుడు నేను బుధవారమేమో అనుకున్నాను. శనివారానికి పాత పేరు అది. 1163 జనవరి 19 ఏ వారమో లెక్కవేసి చూస్తే శనివారమే వచ్చింది. ఆ సాయంత్రం గుడి మెట్ల మీద కూర్చుని లెక్క పూర్తిచేసిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. పుస్తకంలో చదివి తెలుసుకోవడం వేరు, రాతి మీది మాటకు మన చేతి లెక్క సాక్ష్యం పలకడం వేరు.

సింహ సంవత్ లాంటి రాజుల శకం మనకూ ఉంది. చాళుక్య ఆరవ విక్రమాదిత్యుడు 1076లో శక వర్షాన్ని పక్కకు పెట్టి తన పేర చాళుక్య విక్రమ వర్షం మొదలుపెట్టాడు. తెలంగాణ శాసనాల్లో అది చాలాచోట్ల కనిపిస్తుంది. ఉత్తరాది విక్రమ సంవత్‌కూ దీనికీ పేరొక్కటే పోలిక. కొత్తగా శాసనాలు చదివేవారు ఇక్కడ పడిపోతారు, జాగ్రత్త.

ఇక ఆ 1264 మే 25ను మన వాళ్లయితే ఎలా రాసేవారో కూడా వేశాను: శక వర్షాలు 1186, రక్తాక్షి నామ సంవత్సరం, జ్యేష్ఠ బహుళ త్రయోదశి, ఆదివారం. ఓరుగల్లులో అప్పుడు రుద్రమదేవి పాలన తొలినాళ్లు. కలి లెక్కలో 4365 గడిచాయి. మలయాళ దేశంలో కొల్లం శకం 439.

పాతకాగితం

సోమనాథం నుంచి కొంచెం పక్కకు తీసుకెళుతున్నాను, మన్నించండి. ఇన్ని శకాలు పాతకాలపు ముచ్చట అనుకునేవారి కోసం చెబుతున్నాను. మా తాతగారి భూమి కాగితాలు ఒక రేకు పెట్టెలో ఉన్నాయి. నిజాం కాలంవి. వాటి మీద ఫసలీ సంవత్సరం ఉంటుంది. పంట లెక్కకు పెట్టుకున్న సంవత్సరం అది. ఏ కాగితం ముందుదో ఏది వెనకదో తేల్చడానికి మా నాన్నగారూ నేనూ ఒక ఆదివారమంతా కూర్చున్నాం. ఆయన ఫసలీ చదివితే నేను పక్కన క్రీస్తు శకం రాసుకున్నాను.

హైదరాబాదు జాగీర్ల రద్దు చట్టం పేరులోనే 1358 ఫసలీ అని ఉంది. అది 1949. అదే ఏట హిజ్రీ 1368. ఫసలీ అసలు హిజ్రీ నుంచి పుట్టిందే. కానీ హిజ్రీ చంద్రుడితో నడుస్తుంది, ఏడాదికి సుమారు 11 రోజులు పొట్టి. ఫసలీ సూర్యుడితో నడుస్తుంది, పంట ఏటా ఒకే రుతువులో రావాలి కదా. అలా విడిపోయి 1949 నాటికి పదేళ్ల ఎడం వచ్చింది.

వేరావల్ శాసనంలోనూ ఇది చూడవచ్చు. 622 నుంచి 1264కు సూర్యుడి లెక్కన 642 ఏళ్లే. కానీ హిజ్రీ 662. ఆ ఇరవై ఏళ్లూ చంద్రుడు ముందుకు పరుగెత్తి సంపాదించినవి.

రేవుదారి

పక్కకు ఏమీ తీసుకెళ్లలేదండీ. ఆ అమ్మాయి తర్వాత అడగబోయే ప్రశ్న ఇదేనని నాకు అనిపిస్తోంది.

శిలాక్షరం

ఒక ముఖ్యమైన సంగతి చెప్పడం మరిచాను. ఇదే మసీదు గురించి అరబీలో ఇంకో శాసనం ఉంది. అందులోని తేదీ హిజ్రీ 662, రంజాన్ 27. అంటే 1264 జూలై 23.

సూరత్_మగ్గం

జూలై 23! నేను మొదట అమాంతంగా చదివితే వచ్చిన చోటు అదే కదా! మరి రెండు శాసనాలూ ఒకే రోజువి ఎందుకు కాకూడదు?

తొలిచుక్క

నాకూ ఒక్క క్షణం గుండె ఆగినట్టయింది. కానీ జూలై 23 బుధవారం. సంస్కృత పాఠం ఆదివారం అంటోంది. రెండు రోజులూ ఒకటి కావు.

అయితే పట్టిక ప్రకారం మే 25న హిజ్రీలో ఏ తేదీ వస్తుందో చూశాను. రజబ్ 27. నెలవంక చూసి నెల మొదలుపెట్టేవారు కాబట్టి ఒక రోజు అటూ ఇటూ ఉండొచ్చు. రజబ్ 27 నుంచి రంజాన్ 27కు సరిగ్గా రెండు చంద్రమాసాలు. మన త్రయోదశీ వారి ఇరవై ఏడో రోజూ ఒకే చంద్రుణ్ణి చూసి లెక్కపెట్టినవి. అమావాస్యకు రెండు రోజుల ముందు తెల్లవారుజామున తూర్పున కనిపించే సన్నని చంద్రరేఖ ఒక్కటే. ఒకరు పున్నమి నుంచి, ఒకరు నెలవంక కంటపడిన రాత్రి నుంచి లెక్కపెట్టారు, అంతే. రజబ్ 27, రంజాన్ 27 రెండూ ముస్లింలు ప్రత్యేకంగా గౌరవించే రాత్రులతో ముడిపడినవి. కావాలని ఎంచుకున్నారా అన్నది శాసనం చెప్పదు కాబట్టి నేనూ చెప్పను.

శిలాక్షరం

రెండు పాఠాలూ ఒకదానికొకటి అనువాదాలు కావని కూడా గమనించాలి. అరబీ పాఠం అల్లాను స్తుతిస్తుంది, సోమనాథం ఇస్లాం నగరాల్లో ఒకటి కావాలని ప్రార్థిస్తుంది. సంస్కృత పాఠం విశ్వనాథుడికి మొక్కుతుంది. ఎవరు చదువుతారో వారి కోసం రాసినవి. స్థలం హద్దులు, గానుగ, దుకాణాలు, ఎవరు అమ్మారు, ఎవరి సమ్మతి ఉంది అనే వివరాలు సంస్కృతంలో విస్తారంగా ఉన్నాయి. రేపు పేచీ వస్తే ఊరి పంచకులం ముందుకు వెళ్లేది ఆ పాఠమే కదా.

నాలుగు శకాలు కూడా అందులోనే ఎందుకు ఉన్నాయో దీనితో నాకు అర్థమైంది. ఓడవాడికి హిజ్రీ, వ్యాపారికి విక్రమ, పాత దస్తావేజులున్న సౌరాష్ట్ర కుటుంబాలకు వలభీ, ఆ తీరంలో ఇటీవలి లెక్క సింహ. పత్రం ఎవరి చేతికి వెళ్లినా, నాకు తెలియని లెక్క అని తోసిపుచ్చడానికి వీలుండకూడదు.

ఓరుగల్లు_తోరణం

రేవుదారి గారూ, మీ అంశం ఓడ వ్యాపారం కాబట్టి పక్కనే మోటుపల్లిని పెట్టండి. బాపట్ల జిల్లా తీరంలో గణపతిదేవుడు వేయించిన అభయశాసనం, శక 1166, క్రోధి, అంటే 1244. గాలివానకు ఓడలు దారితప్పి ఒడ్డుకు కొట్టుకొస్తే అంతకుముందు రాజులు సరుకంతా లాక్కునేవారు. ఇకమీదట నిర్ణీత సుంకం తప్ప ఏమీ తీసుకోనని మాట ఇచ్చాడు. దిగుమతి ఎగుమతులకు ముప్పైలో ఒక వంతు సుంకం. వేరావల్ శాసనానికి ఇరవై ఏళ్ల ముందు మాట ఇది. అక్కడ పడమటి తీరంలో స్థలం పత్రం, ఇక్కడ తూర్పు తీరంలో అభయం. రెండు శాసనాలనూ పరిష్కరించి ప్రచురించింది కూడా ఒకరే, హుల్ట్‌ష్.

మోటుపల్లిలో మాత్రం సంవత్సరం చిక్కు లేదు. శకం ఉంది, పక్కనే క్రోధి అని పేరుంది. అరవై ఏళ్ల చక్రంలో పేరు అంకెకు కాపలా కాస్తుంది. వేరావల్‌లో ఆ పని నాలుగు అంకెలు ఒకదానికొకటి చేసుకున్నాయి.

లెక్కల_మాస్టారు

పేరు కాపలా కాస్తుంది, నిజమే, కానీ దక్షిణాదిలోనే. ఉత్తరాది వారు బృహస్పతి గమనాన్ని పట్టుకుని సుమారు 85 ఏళ్లకొకసారి ఒక పేరును దాటవేస్తారు. మనం దాటవేయడం మానేశాం. మనకు రక్తాక్షి అయిన ఏడు వారికి మరో పేరు. గోడపత్రికలో రక్తాక్షి అని రాస్తే పక్కన "తెలుగు లెక్కలో" అని చేర్చండి.

రేవుదారి

నిన్న రాత్రంతా మీ మాటలు కాగితం మీద ఎత్తి రాసుకున్నాను. ఉదయం గ్రంథాలయం తెరవగానే 1263 మీద తెల్లకాగితం అంటించి ఇలా మార్చాను:

"1264 మే 25, ఆదివారం. శాసనంలో: రసూల్ మహమ్మద్ సంవత్ 662, విక్రమ సంవత్ 1320, వలభీ సంవత్ 945, సింహ సంవత్ 151, ఆషాఢ వది 13. విక్రమ సంవత్సరం కార్తీకం నుంచి, నెల పున్నమి ముగింపుగా."

పక్కన ఆరు ఘనం, అయిదు వర్గం లెక్క కూడా పెట్టాను. మధ్యాహ్నం ఆ అమ్మాయి వచ్చింది. అయిదు నిమిషాలు నిలబడి చదివి, లెక్క తన నోటుపుస్తకంలో వేసుకుంది. తర్వాత నా దగ్గర స్కెచ్ పెన్ను అడిగి తీసుకుని, నాలుగు శకాల కింద ఇంకో వరుస రాసింది: "తెలుగు లెక్కలో శక 1186, రక్తాక్షి, జ్యేష్ఠ బహుళ త్రయోదశి."

ఆ వరుస అక్కడే ఉంచాను. వచ్చే నెల హనుమకొండ శాసనం పెడదామంటోంది. వడ్డవారం గురించి తనే రాస్తుందట. ఓరుగల్లు తోరణం గారూ, ఆ శాసనం పాఠం మీ దగ్గర ఉంటే పంపగలరా?

ఓరుగల్లు_తోరణం

ఈ రాత్రికే టైపు చేసి పంపుతాను. సంవత్సరం, తిథి ఇస్తాను. క్రీస్తు శకం తేదీ మాత్రం రాయను, ఆ లెక్క ఆమెనే వేయనివ్వండి.